వెనక సీటు పక్కన జాలీ

చిరంజీవి అమ్మడికి నానమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. క్షేమమంటే ఇద్దరం పొద్దున లేస్తున్నాం, రాత్రి పడుకుంటున్నాం అని అర్థం. మధ్యలో సంగతి అడక్కు. నువ్వు అంతకంటే ఒక మెట్టు పైనే ఉన్నావని ఆశిస్తున్నాను.

ముందు నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. ముప్పై రెండేళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పి నోటుపుస్తకాలు దిద్దిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకోదు. "సర్వీసు నేను వాయిదా వేయించబట్టే ఆ రోజు ఇంజను ఆగిపోయింది, అందుకే నాన్న..." అని రాసి మూడు చుక్కలు పెట్టావు. ఇంజను ఆగలేదు. ఛాతీలో నొప్పి అంటున్న మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని మీ అమ్మ ఆసుపత్రికి నడుపుతుంటే, వంతెన మీద బండికి సత్తువ పోయి నత్తలా పాకింది. పెట్రోలు ఇంజను తిరుగుతూనే ఉంది. కరెంటు మోటారు చెయ్యి వదిలేస్తే, అంత బరువు బండినీ అది ఒక్కటే లాగాల్సి వచ్చింది. ఎందుకలా అయిందో ఇప్పుడు నాకు తెలుసు. నీ మూడు చుక్కల జాగాలో ఏం రాయాలో కూడా తెలుసు. అక్కడిదాకా రావడానికి నాకు కొన్ని పేజీలు పడతాయి, ఓపిక పట్టు.

ఫోనెత్తని పిల్ల ఉత్తరం రాసిందంటే నోట మాట పెగలకనే. నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను మాట మారుస్తాను, ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకుని పెట్టేస్తాం.

నువ్వడిగినవి చెబుతాను. నా మోకాళ్ళు నాకంటే ముందే ముసలివయ్యాయి, కొత్త విశేషం లేదు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మీ అమ్మ ఆఫీసుకు వెళ్తోంది. అన్నం మాత్రం నిలబడే తింటోంది, వెనక ఎవరో తరుముతున్నట్టు. నీ గది కిటికీ రెక్క బాగుచేయించాం. ఇక కారు. "పాత ఇనుముకైనా ఇచ్చెయ్యండి, ఏడు నెలలుగా నేను స్టీరింగు ముట్టలేదు, ఆ షెడ్డు చూడాల్సి వస్తుందని ఇంటికి రావడానికే భయంగా ఉంది" అని రాశావు. ఇవ్వలేదు. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో చూడకుండా పేజీ తిప్పే రకం కాదు నేను.

ఇన్ని నెలలు కదలని బండి మొదట తలుపు కూడా తెరవనివ్వలేదు. షోరూము నుంచి టై కట్టుకున్నాయన ఒకడు వచ్చి, ఏవో తగిలించి లేపి, ల్యాప్‌టాపులో చూసి, "పెద్ద బ్యాటరీ పోయిందండీ, మొత్తం మార్చాలి" అన్నాడు. ధర విని మీ అమ్మ కుర్చీ వెతుక్కుంది. తర్వాత ఆఫీసులో ఎవరో చెబితే, ఇలా పెట్రోలూ కరెంటూ రెండింటి మీదా నడిచే హైబ్రిడ్ బళ్ళే చూసే మెకానిక్కును పిలిపించింది. యాభై దాటిన మనిషి. ఏమడిగినా ముందు "నిదానంగా చూద్దాం" అంటాడు. ఆయనకు నిదానం అని పేరు పెట్టాను. సంగతి తెలిసి నవ్వాడు కూడా, నిదానంగానే.

ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నేర్చుకున్నది నీకూ రాస్తాను. ఈ బండి నీ చేతికొచ్చినా, రేపు ఇలాంటిది మరొకటి కొన్నా పనికొస్తుంది.

వెనక సీటు కింద ఉన్న పెద్ద బ్యాటరీ మోటారును తిప్పుతుంది. డిక్కీలో ఒక మూల ఉన్న పన్నెండు వోల్టుల చిన్నది తలుపు తాళాలనూ కంప్యూటరునూ నిద్రలేపుతుంది. పెద్దది అత్తగారు, చిన్నది కోడలు అనుకో. అత్తగారికి ఎంత బలమున్నా కోడలు లేచి తలుపు తీస్తేనే ఇల్లు మొదలయ్యేది. బండి ఉలకదు పలకదు అంటే ముందు కోడల్ని పలకరించాలి. అందరూ తిన్నగా అత్తగారి మీదికి పోతారు. నెలల తరబడి నిలబెడితే చిన్నది చచ్చిపోతుంది. అందుకని వారానికోసారి 'రెడీ' దీపం వెలిగేలా ఆన్ చేసి అరగంట ఉంచాలి. తలుపు తెరిచి పాటలు వింటూ కూర్చుంటే చాలదు, అలా చేస్తే ఉన్నదీ కారిపోతుంది. హెచ్చరిక దీపం వెలిగినప్పుడు దాన్ని ఆర్పించడమే రిపేరు అనుకునేవాళ్ళు చాలామంది. ఏం చెడిందో చెబుతూ కంప్యూటరు చూపించే కోడు ముందు కాగితం మీదికి ఎక్కాలి, ఆ తర్వాతే చెరపాలి. లేకపోతే దొంగను పట్టకుండా అడుగుజాడలు తుడిచినట్టే. ఇక నారింజ రంగు తీగలు ఎక్కడ కనిపించినా చేతులు జేబులో పెట్టుకో. నిదానం అంతటివాడే రబ్బరు చేతొడుగులు లేకుండా వాటి జోలికి పోడు.

ఆయన ముందు చిన్న బ్యాటరీ మార్చాడు. కోడులన్నీ పాత కవరు వెనక రాసుకున్నాడు. పెద్ద బ్యాటరీలో గడి గడికీ వోల్టేజి చూశాడు. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి.

"రాయిలా ఉంది మామ్మగారూ. దీన్నా మారుస్తామన్నారు?"

"టై కట్టుకుని మరీ అన్నారు."

"వేడెక్కిందని రాసుందంతే. జ్వరమొస్తే మందిస్తారు గానీ తలకాయ మారుస్తారా?"

వేడెక్కితే బండి తనను తాను కాపాడుకోవడానికి మోటారు బలం తగ్గించేస్తుందట. వేడెందుకెక్కిందో చూడాలన్నాడు. వెనక సీటుకు కుడిపక్కన అరచేతి వెడల్పున ఒక ప్లాస్టిక్ జాలీ ఉంది, నీకు గుర్తుందో లేదో. లోపలి ఫ్యాను అక్కడినుంచి చల్లగాలి పీల్చి పెద్ద బ్యాటరీకి అందిస్తుంది. పేపరు ముక్క చింపి నా చేతికిచ్చి, జాలీకి ఆనించి పట్టుకోమన్నాడు. తన పరికరంతో ఫ్యానును పూర్తి వేగంలో తిప్పాడు. లోపల హోరు. కాగితం జాలీకి అంటుకోవాలి. వేళ్ళు వదిలాను. నా కాళ్ళ దగ్గర పడింది.

"చప్పుడే గానీ ఊపిరి లేదు" అన్నాడు నిదానం. బండి ఆపేసి, జాలీ ఊడదీసి, వెనకున్న పల్చటి ఫిల్టరు బయటికి లాగాడు. దాని మీద వేలి మందాన నూగు, నొక్కి పరిచినట్టు.

"ఇంట్లో కుక్కుందా మామ్మగారూ?"

"లేదు."

"పిల్లి?"

"లేదు. నేనే ఉన్నాను."

నవ్వబోయి ఆగాడు. నూగు ముదురు ఎరుపు రంగులో ఉంది. నా ఊలు శాలువా అక్కడే, ఆ జాలీ పక్కనే, ఆ రోజు దిగినప్పుడు ఎలా వదిలానో అలాగే పడి ఉంది. ఆయన చూపు దాని మీదికి వెళ్ళింది, ఫిల్టరు మీదికి వచ్చింది. నా వైపు మాత్రం రాలేదు. సంచీలోంచి మెత్తటి బ్రష్షు తీసి, తల వంచుకుని ఫ్యాను రెక్కలు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు. కొత్త ఫిల్టరు పెట్టాక కాగితం మళ్ళీ ఇచ్చాడు. ఠపీమని అంటుకుంది.

అమ్మడూ, ఆ శాలువాను అక్కడ కుక్కింది నేనే. ఏసీ వేసినప్పుడల్లా చల్లగాలి నా నడుము పక్కనుంచి జాలీలోకి పోయేది. సన్నటి రొద కూడా. నడుము పట్టేసేది. శాలువా మడిచి సందులో దూర్చేదాన్ని, హాయిగా ఉండేది. మీ నాన్న ఒకసారి చూసి, "అమ్మా, అక్కడేం పెట్టకే, అది దాని ముక్కు" అన్నాడు. తీసేశాను. వాడు ముందుకు తిరిగి బండి కదిపాక మళ్ళీ దూర్చాను. ఒకసారి కాదు, ఏడాది పైగా అదే పని. వేడి బయటికి పోవాలంటే దారుండాలి, దారి మూస్తే లోపలే పేరుకుంటుంది అని ముప్పై రెండేళ్ళు బల్ల గుద్ది చెప్పినదాన్ని. కొడుకు మాటకు తలూపి, వీపు తిరగ్గానే నా పని నేను చేసుకున్నాను. వాడికేం తెలుసు అనుకున్నాను, నిన్న మొన్న నా దగ్గరే ఎక్కాలు నేర్చుకున్న పిల్లాడు.

ఆ మధ్యాహ్నం ఎండ నీకు తెలియదు. వంతెన మొదట్లో బండిలో పసుపు హెచ్చరిక దీపం వెలిగింది, సగానికి వచ్చేసరికి మీ అమ్మ ఎంత తొక్కినా బండి పోవడం లేదు. వెనక నుంచి హారన్లు. మీ నాన్న కళ్ళు మూసుకుని, "ఇది కూడా ఆయాసపడుతోందే" అన్నాడు మీ అమ్మతో. తర్వాత వాడి నోట నేను మాట వినలేదు. పక్కకు ఆపి అంబులెన్సును పిలిస్తే, అది రావడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అంతసేపూ నా నడుముకు వెచ్చగానే ఉంది.

ఫిల్టరు చూసిన మర్నాడు గుండె డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ ఇరవై రెండు నిమిషాలు చేతిలో ఉంటే బతికేవాడా అని అడిగాను. "బతికేవారేమో, లేదేమో. నిజంగా చెప్పలేనమ్మా" అన్నాడు. ఓదార్చనందుకు ఆయనకు నమస్కారం పెట్టి వచ్చాను.

నిదానాన్ని ఇంకొకటి అడిగాను, నీకోసం. సర్వీసు వేళకు చేయించి ఉంటే ఇది బయటపడేదా? "ఆ సర్వీసులో నూనె మారుస్తారు, బ్రేకులు చూస్తారు. మనం చెబితే తప్ప ఆ జాలీ ఎవరూ విప్పరు మామ్మగారూ" అన్నాడు. ఒకవేళ విప్పి శుభ్రం చేసినా, మర్నాడు నేను మళ్ళీ శాలువా పెట్టేదాన్ని. కాబట్టి నీ మూడు వారాల వాయిదాకూ దీనికీ సంబంధం లేదు. సెలవు మీద వచ్చి, నాన్నతో కలిసి బండి ఇచ్చి, అది తయారయ్యేదాకా షోరూము గాజు గదిలో ఇద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకోవాలని వాయిదా వేయించావు. వంటింటి క్యాలెండరులో మీ నాన్న ఆ తేదీకి సున్నా చుట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఆ రోజు నేను ఎవరికీ దొరకను" అన్నాడు. వాడు అంత సంబరపడ్డ రోజును నువ్వు నేరం చేసుకోకు.

ఇది తెలిసి నెలయింది. నెలరోజులూ దాచాను. నీ ఉత్తరం రాకపోతే ఇంకా దాచేదాన్నేమో. అది చదివాక మొన్న సాయంత్రం ముందు మీ అమ్మకు చెప్పాను. కూరగాయలు తరుగుతోంది. కత్తి కింద పెట్టింది.

"ఎన్నాళ్ళయింది మీకు తెలిసి?"

"నెల."

"నెల్లాళ్ళూ నా చేతి అన్నం తిన్నారా అత్తయ్యా?"

తను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు పొద్దున లేచి చూస్తే మంచినీళ్ళ గ్లాసు పక్కన నా మాత్రలు తీసి పెట్టి ఉన్నాయి. ఇప్పటిదాకా మాట లేదు. మాత్రలు మాత్రం వేళకు వస్తున్నాయి. ఉన్నంతలో అదే ఎక్కువ.

"నీ తప్పు కాదు నానమ్మా" అని మాత్రం తిరిగి రాయకు. తప్పే. దాన్ని నేను మొయ్యగలను, మోసేది ఇంకెన్నాళ్ళులే. నువ్వు మొయ్యడానికి యాభై ఏళ్ళున్నాయి, అదీ నీది కానిదాన్ని. అందుకని వెనక్కి తీసుకుంటున్నాను. కోపం వస్తే రానీ. తిట్టాలనిపిస్తే ఎదురుగా వచ్చి తిట్టు, వింటాను. బండిని ఉంచుతావో అమ్ముతావో నీ ఇష్టం, కానీ ఒక్కసారి నువ్వే నడిపి చూసి ఆ మాట చెప్పు. నిదానం వంతెన మీద రెండుసార్లు తిప్పి తెచ్చాడు. ఎక్కడా ఆగలేదు.

ఇప్పుడు ఒక చిన్న పని. ఈ బండి రెండో తాళం నీ దగ్గరుంది. ఇక్కడి తాళంలో బిళ్ళ బ్యాటరీ అయిపోవచ్చింది, నీదానికీ అదే వయసు. తాళం పక్కనున్న మీట జరిపితే లోపలి ఇనుప తాళం బయటికొస్తుంది. ఆ సందులో సన్నటి స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టి, మెల్లగా తిప్పి విప్పు. పాత బిళ్ళ మీదున్న అంకె రాసుకుని, వాచీలు బాగుచేసే షాపులో సరిగ్గా ఆ అంకెదే అడుగు; దగ్గర దగ్గరగా ఉందని ఇంకోటి అంటగడతారు, తీసుకోకు. కూడిక గుర్తు ఎటువైపు ఉందో చూసుకుని కొత్తది అలాగే పెట్టు, వేళ్ళ తడి అంటనివ్వకు. మూసి ఒకసారి నొక్కితే చిన్న ఎర్ర దీపం వెలగాలి. వెలిగితే సంచీలో వేసుకుని బయల్దేరు.

ఇట్లు,
మీ నాన్నకు అమ్మ,
నీకు నానమ్మ.