మంచు కింద పొయ్యి

మే 4
గద్వాల వచ్చి రెండు రోజులు. అమ్మ మణికట్టు వాచింది. మగ్గం మీద నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే కుట్టు చీర. నాన్న నాడెతో అడ్డపోగు వేస్తుంటే, అవతలి అంచు దగ్గర పట్టునీ నూలునీ కలపడానికి ఇంకో మనిషి కావాలి. ఇప్పుడు నేనే. ఎండకు పోగులు పుటుక్కుమంటున్నాయి.
నాకు ల్యాప్‌టాప్ లేదు. జియాలజీ ప్రాజెక్టంతా హాస్టల్లో, నా రూమ్మేట్ శ్రావణి ల్యాప్‌టాప్‌లోనే.

మే 5
ఐస్‌లాండ్‌లో హిమానీనదం కింద అగ్నిపర్వతం ఉందంటే నాన్న నవ్వాడు. “మంచు కింద పొయ్యి ఎవరు పెట్టిన్రు బిడ్డా?” అడుగున వేడికి మంచు కరిగితే పైన గిన్నెలా కుంగుతుందని చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని పడుగు మీద అరచెయ్యి జరిపాడు. వదులు ఎక్కడుందో చేతికే తెలుస్తదట.
ఒక కొత్త గుంటను నేనూ అట్లాగే పట్టాను... ఉపగ్రహం ఫొటోలో, ఒక్క నీడను బట్టి. మా ప్రాజెక్టు సార్ కూడా చూడలేదు. ముందు శ్రావణికే చెప్పాను. “ఇగ నువ్వే పోతవ్ తియ్” అంది. ఆగస్టులో సార్ వెంట ఆ మంచు మీదికి వెళ్లేది మాలో ఒక్కరే.

మే 9
శ్రావణి ఫోన్ ఎత్తడం లేదు.

మే 11
గ్రూపులో సార్ మెసేజ్. కొత్త గుంటను కనిపెట్టినందుకు శ్రావణిని తీసుకెళ్తారట. కింద ఫొటో. గుంట చుట్టూ ఎర్ర వృత్తం, ఎడమవైపు కొసలు కలవకుండా. ఆమె ల్యాప్‌టాప్‌లో నేను గీస్తుంటే మౌస్ జారిన చోటు అది.

మే 12
సార్‌కి ఫోన్ చేశాను. ముందు ఎవరు చూస్తే ఏముందమ్మా, నువ్వు సెలవులో ఉన్నావు కదా అన్నారు.
అమ్మ రెండుసార్లు అడిగింది. “గా పిల్లనేనా, మనింట్ల రొట్టె దిని నాకు జడ ఏసి పోయింది?”

మే 15
శ్రావణి మెసేజ్. “నువ్వు ఊర్ల ఉంటివి. సార్ ఆ రోజే అడిగిండు. చెప్దామనే అనుకున్న.”
అనుకుంది.

మే 19
గ్రూపులో ఉపగ్రహం కొత్త ఫొటో వచ్చింది. ఫోన్‌లోనే పెద్దది చేసి చూశాను. గుంటకు ఉత్తరాన ఇంకో నీడ, వెంట్రుకంత. సార్ మ్యాపులో గీసిన నడక దారి సరిగ్గా దాని మీదుగానే. అడుగున నీళ్లు చేరి ఉంటాయి. పైన మంచు ఎంత మందం ఉందో...
కళ్లు మూసుకుని ఫోన్ అద్దం మీద వేలు జరిపాను. ఏమీ తెలియలేదు. మళ్లీ చూశాను. ఉంది.

మే 20
శ్రావణి తనే ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే.
“సార్ కొత్త ఫొటో మీద రాయమన్నడే. నాకైతే అంత సాపుగనే కనబడుతుంది. దారికి ఏం గాదు గద? జర చెప్పు.”
చూసి చెప్త అన్నాను.
చూసి అప్పటికే ఒక రోజు.

మే 21
రెండో నీడ చుట్టూ గీశాను. ఈసారి కొసలు కలిశాయి. కింద నా పేరు రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను.
సార్‌కి పంపితే ఇది కూడా శ్రావణి చూసిందే అంటారేమో. పంపకపోతే...
ఫోన్ మోగుతోంది. ఆమే. నాన్న నాడె పట్టుకుని, అవతలి అంచు దగ్గరికి నేనెప్పుడొస్తానా అని చూస్తున్నాడు.