ఉప్పల్‌లో వదిననయ్యాను

ఆదివారం, నాచారం

బ్యాండ్‌లో పాడే డేవిడ్‌కి పెళ్లయిందని తెలిస్తే అమ్మాయిలు షోలకు రావడం మానేస్తారని బ్యాండ్ మేనేజర్ అన్నప్పటి నుంచీ, అంటే రెండేళ్లుగా, బయట నేను అతనికి ఏమీ కాను. ఈ సాయంత్రం ఉప్పల్ షోలో కూడా పాపను ఎత్తుకుని చివర్లోనే నిలబడ్డాను. రెండు పాటల మధ్య పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు గుర్తుపట్టి, గిటార్ మీద చెయ్యి ఆపి, డేవిడ్ మైకులోనే అనేశాడు.

"జర ఆగుండ్రి, మా బిడ్డ ఏడుస్తున్నది."

మేనేజర్ తల పట్టుకున్నాడు. జనమంతా వెనక్కి తిరిగారు. చేతి మీద 'డేవిడన్న' అని పచ్చబొట్టు వేయించుకున్న అమ్మాయి ఒకతి నేరుగా నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనే అనుకున్నాను.

"ఇన్ని రోజులు గిట్ల ఎనకనే నిలబడ్డవా వదినా? పాపను నాకియ్యి. నువ్వు ముందుకు పో."

అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. మొదటి వరుసలో నిలబడి అతని పాటను గొంతు చించుకుని పాడాను.

ఇప్పుడు డేవిడ్ పాప బట్టలు మడతపెడుతూ, ఇక షోలకు ఎవరైనా వస్తారా అని దిగులుపడుతున్నాడు. ఏమో, నాకూ తెలియదు. ఆ పచ్చబొట్టు పిల్ల మాత్రం వచ్చే ఆదివారం మా ఇంటికి వస్తానంది. అతన్ని చూడటానికి కాదట, పాపను.