నాట్ల వేళ మరిచిన లెక్క

ఆగస్టు 9, శనివారం. కరీంనగర్.

డాక్టర్ మధు ఈ రోజు నా గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డాడు. నా దగ్గరే లెక్కలు నేర్చుకుని, డాక్టరయ్యాక నలుగురిలో "సారుకు పుస్తకాలే తెలుసు, మనుషులు తెల్వరు" అని నవ్విన మధు.

మోకాళ్ల నొప్పికి రెండు మాత్రల్లో ఏది మేలో తేల్చడానికి ఎంతమంది రోగులు కావాలో చలికాలంలో నన్నే అడిగాడు. రెండు వందలని లెక్కగట్టి ఇచ్చాను. మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు కాబట్టి ఇంకొందరిని చేర్చుకోవాలని మాత్రం చెప్పలేదు. అతని రోగుల్లో ఎక్కువమంది సుల్తానాబాద్ వైపు కూలి ఆడవాళ్లే; నాట్లు మొదలైతే వాళ్లు ఆసుపత్రి ముఖం చూడరని నాకు తెలుసు. అతనికి తెలియదనీ తెలుసు.

"సగం మంది మళ్ల రాలే సారూ. ఏ గోలీ మంచిదో తేలుతలేదు. మీరే జర చూడుండ్రి" అన్నాడు.

"మనుషులు తెలిసినోనివి గద బిడ్డా, నన్నడుగుతవేంది?" అన్నాను.

ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. చాలా ఏళ్లకు టీ రుచిగా అనిపించింది.

ఇంతలో మా ఇంట్లో అంట్లు తోమే రాజవ్వ మోకాలు పట్టుకుని లేచింది. ఆమెదీ ఆ రెండు వందల్లో ఒక పేరు. నేను పొమ్మన్నానని, నాట్ల కూలి వదులుకుని ప్రతి నెలా ఆసుపత్రికి వెళ్లింది.

"గిన్ని నెలలు తిరిగితి సారూ. నాకు ఏ గోలీ మంచిదంట?"

"తేలలేదట రాజవ్వా."

ఎందుకు తేలలేదని ఆమె అడగలేదు. అడిగి ఉంటే మధు పేరే చెప్పేవాణ్ణి.