ఇరవై మెషీన్ల లిస్టు

నవంబరు 4

మా జూట్ మిల్లు రోడ్డులోకి గోగునార లారీ తిరిగింది! ఒక్కటే. కానీ నా కళ్లతో చూశాను. ఆర్డర్లు లేవని లే ఆఫ్ పెట్టి పద్నాలుగు నెలలు... ఇన్నాళ్లూ ఆ రోడ్డులోకి తిరిగినవి మేకలే.

వదినకి చెప్పాను. గిన్నెలు తోముతూ, తల కూడా ఎత్తలేదు. "ఒక్క లారీకే ఊగిపోకే. రెండోది రానీ, అప్పుడు సూద్దుం."

నవంబరు 7

రెండోది వచ్చింది. వాచ్‌మన్ గేటు దగ్గర తుప్పలు కొట్టిస్తున్నాడు. టీ బడ్డీ తలుపు తీసి ఉంది.

వదిన పెట్టెలోంచి మిల్లు చీర తీసి ఎండలో వేసింది.

నవంబరు 10

వదిన మా ఆయన అక్క కాబట్టి ఇలా రాయడం లేదు. అలాంటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు, అంతే.

గేటుకి తాళం పడ్డ రోజు కుట్టు సెక్షన్ ఆడాళ్లం అందరం రోడ్డు మీద కూచుని ఏడ్చాం. వదిన మా సెక్షన్ మేస్త్రి కదా, మాతో పాటు ఏడుస్తుందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే భోగాపురం వెళ్లి, ఎయిర్‌పోర్టు పనుల కాంట్రాక్టరుతో మాట్లాడి, పద్నాలుగు మందికి పని పట్టుకొచ్చింది. "సంచులు కుట్టిన సేతులు సిమెంటు మొయ్యనేవేటి?" అని అడిగిందట ఆయన్ని. నేనైతే మంచం దిగేదాన్ని కాదు.

నవంబరు 12

కొత్త మేనేజరు వదినని పిలిపించాడు. పాత రిజిస్టర్లు చెద తినేసిందట, ఆయనకి ఎవరూ తెలీదు. ముందు ఇరవై మెషీన్లు తిప్పుతారు, ఇరవై పేర్లు రాసివ్వాలి.

వదినకి సంతకం వరకే వచ్చు. ఆవిడ చెప్పింది, నేను రాశాను. కళ్లు మూసుకుని, మొదటి వరస మొదటి మెషీను నుంచి... "ఒకటి, ఎల్లమ్మ. దాని కుట్టు ఊడదు. రెండు, గజపతినగరం లచ్చిమి. బస్సు దొరక్క ఆలస్యంగా వస్తాది గానీ సెయ్యి సురుకు." పదకొండు దగ్గర పైడమ్మ పేరు చెప్పింది. ఒకప్పుడు మిల్లులో గొడవపడి వదిన జుట్టు పట్టుకుని కొట్టిన పైడమ్మే!

అదేటి వదినా అంటే — "కొట్టింది నన్ను. సంచిని కాదు కదే. రాయ్."

పంతొమ్మిది నేను. పొంగిపోయాను.

నవంబరు 13

లిస్టు ఇచ్చేశాం.

నవంబరు 17

గేటుకి అంటించారు. ఇరవై మందీ ఉన్నారు. వదిన లేదు.

మేస్త్రికి మెషీను ఉండదు. వరసల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఆవిడ మెషీన్ల వెంట చెప్పుకుంటూ పోయింది, నేను తలొంచుకుని రాసుకుంటూ పోయాను. ఇద్దరికీ తట్టలేదు. పదో తరగతి చదివిన నాకూ తట్టలేదు! సిగ్గుతో చచ్చిపోయాను.

"నన్ను నానే మర్సిపోనాను సూడు" అని నవ్వింది. నవ్వుతోంది గానీ గేటు ఊచ వదలడం లేదు.

నవంబరు 20

మొదటి రోజు. ఇరవై మెషీన్లూ ఒక్కసారి మోగేసరికి ఏడుపొచ్చేసింది. సంతోషమే. ఇల్లు నిలబడుతుంది.

మధ్యాహ్నం ధైర్యం చేసి మేనేజరుతో అన్నాను... తప్పు మాదే సార్, మా మేస్త్రి పేరు రాయలేదు. ఆయన — "లిస్టు రాసింది మీరే కదా? ఇకమీద మేస్త్రి రోజూ రిపోర్టు రాయాలి. ఆవిడ రాయలేరట. మీరే మేస్త్రిగా ఉండండి. రెండో బ్యాచ్‌కి ఎవరు కావాలో కూడా మేస్త్రే రాసివ్వాలి. సోమవారం చెప్పండి."

నవంబరు 21

దాచలేకపోయాను.

"ఒప్పుకోయే" అంది వదిన, వెంటనే. "నాకు సివర్న ఓ మెషీను దొరికితే సాలు." అంతలోనే, "వరస మజ్జిన నడిసీటప్పుడు మెషీన్ని సూడకు. సేతుల్ని సూడు" అంది. మేస్త్రి పని నేర్పేస్తోంది నాకు. సూదిలో దారం ఎక్కించడం నేర్పిందీ ఆవిడే.

నవంబరు 24

సోమవారం. తెల్లకాగితం తీసుకుని రెండో బ్యాచ్ అని రాశాను. ఒకటి — వదిన పేరు. ఇంటిపేరుతో సహా. ఇన్నేళ్లలో ఆ పేరు రాయడం ఇదే మొదలు.

కింద నా సంతకం. దాని కింద మేస్త్రి అని రాస్తేనే ఈ కాగితం చెల్లుతుంది.

"సైరనైపోనాదే, ఏటి సేస్తన్నావు?" వాకిట్లోంచి కేకేస్తోంది. నా క్యారేజీ పట్టుకుని నిలబడింది. రాయాలి...