గంధం పూసిన కెమెరా

పద్మక్కకు తమ్ముడు రాంప్రసాద్ నమస్కారాలు.

ఇక్కడ నేను, సుగుణ, పిల్లలు బాగానే ఉన్నాం. డోర్నకల్‌లో నువ్వూ బావా, హాస్టల్లో మన హారికా కులాసా అనుకుంటున్నాను. జవాబు ఇంత ఆలస్యం చేశాను, ముందు తిట్టుకో, తర్వాత చదువు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. అందుకే కొట్లో కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా కొట్టేస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

నీ మెసేజ్‌లో అడిగినవి ముందు చెప్పేస్తాను. సుగుణ దగ్గు తగ్గింది. దవాఖానకు పోలేదు, దానికదే తగ్గింది. బావ మోకాలికి చెప్పిన నూనె కాశిబుగ్గలోనే దొరికింది, తీసి పెట్టాను. పండక్కి దేవుడి పటాల గిరాకీ బాగానే ఉండింది. ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. "ఫోటోలేవిరా?"

ఆ మాటకే ఇన్నాళ్లూ జవాబు తప్పించుకున్నాను అక్కా.

హారిక ఓణీల ఫంక్షన్‌కి ఫోటోగ్రాఫర్ వద్దన్నది నేనే కదా. "పటాలు కట్టేటోని మేనకోడలి ఫంక్షన్‌కు బయటోడెందుకే, నా కెమెరా లేదా?" అని మీ అందరి ముందు ఛాతీ చరుచుకున్నాను. దసరా దాటగానే ఫోటోలు ఎక్కిద్దామని కెమెరాను కంప్యూటర్‌కు కలిపితే, కంప్యూటర్ దాన్ని గుర్తే పట్టదు. తీశాను, పెట్టాను, ఆపాను, మళ్లీ వేశాను. ఊహూఁ. కార్డు తీద్దామంటే లోపలే ఇరుక్కుపోయింది, వెనక తెర ఎప్పుడో పోయింది.

చౌరస్తా దగ్గరి రిపేరాయన దగ్గరికి పట్టుకుపోయాను. నోట్లో గుట్కా. చెత్తబుట్టలో ఉమ్మి, మూతి తుడుచుకున్న చేత్తోనే నా కెమెరా పట్టుకున్నాడు. "కేబుల్ పోయిందన్నా" అన్నాడు. కొత్తది కొన్నా. మళ్లీ పోతే "నీ విండోస్ పాతగైంది, మొత్తం కొట్టేసి కొత్తది ఎక్కియ్యాలె" అన్నాడు. ఎక్కించాడు. నా బిల్లింగు పోయింది, పటాల డిజైన్లు పోయాయి, కెమెరా మాత్రం రాలేదు. కాజీపేటలో ఇంకొకాయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "గిసొంటియి ఇంక ఎవలు వాడుతాండ్లన్నా? పారేసి మంచి ఫోన్ కొనుక్కో" అని పళ్లికిలించాడు. ఇంటికొచ్చి ఆ కెమెరాను చీరల బీరువా అడుగున తోసేశాను. చూడబుద్ధి కాలేదు.

మొన్న సుగుణ బీరువా సర్దుతూ అరిచింది. "ఇగో, గీ బొక్కల ఏందిది? వాసనొస్తాంది!"

వైరు పెట్టే బొక్కకు ఉండే రబ్బరు మూత ఎప్పుడో ఊడిపోయింది. దీపం కింద పెట్టి చూస్తే లోపల అడుగున పచ్చగా, రాయిలా గట్టిపడిపోయి ఉంది. సుగుణ సూదితో గీకింది. రేకులు రేకులుగా రాలింది. ఎండిన గంధం, కుంకుమ, బెల్లం ముక్క, దానికి అంటుకుని చచ్చిన చీమలు. థూ!

దసరా రోజు పూజ గుర్తొచ్చింది. సుత్తెకు, కటింగ్ మిషన్‌కు, కంప్యూటర్‌కు బొట్లు పెట్టి, ఇది కూడా అన్నం పెట్టే వస్తువే కదా అని కెమెరాకూ నిండుగా పెట్టాను. పైన బెల్లం నీళ్లు చల్లాను.

"బొట్టు నొసటికి పెడ్తరు," అంది సుగుణ. "నువ్వు దాని నోట్ల పెట్టినవ్. ఇగ ఎట్ల మాట్లాడ్తది?"

స్పిరిట్‌లో దూది ముంచి తుడిచింది. ఆరబెట్టి వైరు గుచ్చితే, టింగుమంది. ఫోటోలన్నీ వరసగా దిగాయి. ఒక్కటీ పోలేదు.

ఇక్కడిదాకా చదివి నువ్వు సంతోషపడి ఉంటావు. అందుకే అసలు మాట చివరిదాకా దాచాను.

ఫోటోలన్నీ చూశానక్కా. బావ వాళ్లన్న యాకయ్య బావ ప్రతి ఫోటోలో ఉన్నాడు. బట్టలు పెట్టడానికి వచ్చిన ప్రతివాళ్ల భుజం మీదా ఆయన చెయ్యే. మనుషులు మారుతున్నారు, పక్కన ఆ ఇకిలింపు మారదు. చూస్తూ చూస్తూ ఒళ్లు మండిపోయింది. ఆ పక్కన బంతిలో నోరు తెరిచి తినేవాళ్లు, సెల్ఫీలు దిగేవాళ్లు. అందరూ ఉన్నారు.

నువ్వు లేవు.

అమ్మ పట్టుచీర, ఆ ఆకుపచ్చది, కట్టుకుని, హారికను పక్కన నిలబెట్టుకుని నన్ను పిలిచావు, గుర్తుందా? "ఒరేయ్, మా ఇద్దరిది ఒక్కటి తియ్యిరా."

"జర ఆగక్కా, ముందు సుట్టాలయి అయిపోనీ" అన్నాను.

అంతలో వంటాయన అన్నం తక్కువైందని కేకేశాడు. నువ్వు అటు పోయావు. మళ్లీ రాలేదు. నేనూ పిలవలేదు. హాస్టల్ పెట్టెలో పెట్టుకోవడానికి హారిక అడుగుతున్నది ఆ ఫోటోనే. నేను తీశాననుకుంటోంది. నువ్వూ అనుకుంటున్నావు. అది లేదక్కా. యాకయ్య బావ చెవి పక్కన, దూరంగా, అమ్మ చీర కుచ్చెళ్లు ఎగ్గట్టి సాంబారు బకెట్ మోసుకుపోతున్న నీ వీపు ఒక్క దాంట్లో కనిపిస్తోంది. అంతే.

సుగుణ ఫోటోలన్నీ మళ్లీ ఒకసారి తిప్పి చూసింది. చివరికి, "ఇగ దీనికి ఏ కేబుల్ కొంటవ్?" అంది.

ఆ గుట్కా ఆయన మీద, చీమల మీద, యాకయ్య బావ మీద ఇన్నాళ్లూ ఉమ్మేశాను. ఇప్పుడు అద్దంలో నా మొహం చూసుకోబుద్ధి కావడం లేదు.

హారికను వచ్చే ఆదివారం హాస్టల్ వాళ్లు బయటికి పంపుతారట కదా. నేనే పోయి తీసుకొస్తాను. నువ్వు అమ్మ చీర కట్టుకుని పొద్దున బండికి రా. వంట పని సుగుణది, నువ్వు గరిటె ముట్టొద్దు. కుర్చీలో కూర్చుంటే చాలు. కెమెరా కడిగిన ముత్యంలా ఉంది, ఈసారి దానికి బొట్టు పెట్టలేదు. మొదటి ఫోటో మీ ఇద్దరిదే. చుట్టాలు ఎవరూ ఉండరు.

కోపం ఉంటే వచ్చి ఎదురుగానే తిట్టు. ఫోన్ ఎత్తి ఒక్క మాట చెప్పు అక్కా, ఆదివారం వస్తున్నావా?

ఇట్లు,
నీ ఫోటో తీయడం మరిచిన తమ్ముడు,
రాంప్రసాద్