జారిన లంగరు

మరిదిగారికి,

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ తెరచాప పడవలో మళ్ళీ ఆ దీవికి వెళ్దామని మీ అన్నయ్యకు రాసిన ఉత్తరం చేరింది. చదివి ఆయన సంబరపడ్డారు. అందుకే జవాబు నేను రాస్తున్నాను. ఆయన రారు.

ఆ రోజు మనుషులే లేని ఆ తీరంలో, ఒడ్డుకు దగ్గరని మీరు లంగరు పట్టు దొరకని రాతి నేల మీదే లంగరు వేశారు. మీ అన్నయ్య తాడు ఇంకాస్త వదలమంటే, "నీకన్నీ భయాలే అన్నయ్యా" అని నవ్వారు. ఒడ్డున నల్లబండ, వంగిన కొబ్బరిచెట్టు ఒకే వరుసలో కనిపిస్తున్నంతసేపు పడవ కదలనట్టేనని మీ అన్నయ్య నాకు చెప్పారు. జపం చేసుకుంటూ వాటినే చూస్తున్నాను. అవి విడిపోగానే మిమ్మల్ని లేపాను. "వదినా, మీరు దేవుడి సంగతి చూసుకోండి, లంగరు సంగతి నేను చూసుకుంటా" అని అటు తిరిగి పడుకున్నారు.

పడవ బండ మీదికి కొట్టుకుపోతుంటే, నా కేక విని ఆయనే పరుగెత్తి, పడవకూ బండకూ మధ్య చెయ్యి అడ్డం పెట్టారు.

ఇప్పుడు ఆయన చొక్కా గుండీలు నేను పెడుతున్నాను. "వాడు చిన్నవాడే, తెలియక చేశాడు" అంటారు. మీకు నలభై దాటాయి.

మీరు చెప్పినట్టే దేవుడి సంగతి చూసుకుంటున్నాను. మీ పేరు కూడా చెప్పి రోజూ దండం పెడుతున్నాను. మీరు మాత్రం మా గుమ్మం తొక్కకండి.

మీ వదిన