పెచ్చు లేచిన పళ్ళెం

ఏవండీ, మామయ్యగారి మంచం కింద సుత్తి దొరికింది, పక్కనే అక్రోటు పెంకులు కూడా ఉన్నాయి. కాబట్టి ఆ ఎనామిల్ పళ్ళేల సెట్టును సాయంత్రం షాపులో తిరిగి ఇవ్వకండి. పెచ్చు లేచిన పళ్ళెంలో మాత్రం ఎవరికీ వడ్డించకండి, బయటపడ్డ ఇనుము తుప్పు పడుతుంది. దాన్ని పూలకుండీ కింద పెట్టేశాను. మిగతా అయిదింటినీ స్పాంజితో తోమండి, స్టీలు పీచు జోలికి పోకండి. నాసిరకం ఎంచానని వారం రోజులు దెప్పారు కదా, ఇప్పుడేమంటారు? ఈ చీటీ అడుగున మామయ్యగారు తన చేత్తోనే రాశారు, చదవండి.

ఒరేయ్, పళ్ళెం బోర్లించి దాని మీద కాయలు కొట్టింది నేనే. నువ్వు కోడల్ని అంటుంటే నోరు మెదపలేదు, తప్పే. కానీ అమ్మాయి ఎంపికకు వంక పెట్టకు. పంతొమ్మిదో కాయకి గానీ పెచ్చు లేవలేదు.